తినేది కాదు కదా

మొన్న మా మల్లెమొగ్గలు తూచేముందు కమీషన్ వ్యాపారి గంపలో చెయ్యి పెట్టి, పురుగు తొలిచి ఎర్రబారిన మొగ్గలన్నీ ఏరి పక్కకు తీశాడు. "సిస్టరమ్మా, ఒక్కసారి మందు కొట్టించండి. ఎవరూ తినేది కాదు కదా" అన్నాడు. మంచివాడే, నా మేలు కోరే అన్నాడు. అయినా ఆ మాట వారమంతా నన్ను వదల్లేదు.

మా తోట సంగతి ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలిసిందే. నర్సుగా రిటైరయ్యాక మైలవరం దగ్గర ముప్పై సెంట్లలో మల్లె పెట్టాను. గట్ల వెంట బంతి, ఓ పక్కన కాస్త లిల్లీ ఉంటాయి. పురుగుమందు డబ్బా తోట గట్టు ఎక్కదు. ఎందుకు ఎక్కదో ఇన్నాళ్లూ పైపైన చెప్పానేగానీ పూర్తిగా చెప్పలేదు.

ఉద్యోగంలో ఎక్కువ కాలం నేను క్యాజువాలిటీలోనే చేశాను. పురుగుమందు కేసు వస్తోందంటే మనిషికంటే ముందు వాసన వచ్చేది. టార్చి వేసి చూస్తే కంటిపాప సూదిమొనంతే ఉంటుంది. నోట్లోంచి చొంగ, ఒళ్లంతా చెమట, ఛాతీలో గురగుర. సెలైన్ ఎక్కించే చేతులు సెలైన్ ఎక్కిస్తుంటే, మిగిలినవాళ్లం బట్టలు విప్పేసి, సబ్బునీళ్లతో ఒళ్లు, జుట్టు, గోళ్ల సందులు కడిగేవాళ్లం. తాగినవాళ్లకైనా సరే, ఒంటిమీద పడినవాళ్లకైనా సరే కడగాల్సిందే. ఆ విషం చర్మంలోంచి కూడా దిగుతుంది. ఛాతీలో గురగుర తగ్గేదాకా అట్రోపిన్ ఇస్తూనే ఉండాలి. అంతటితో గండం గడిచిందని ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. మేం మాత్రం రెండో రోజు, మూడో రోజు కూడా మంచం దగ్గరికి వెళ్లి "ఏదీ, దిండు మీంచి తల ఎత్తు నాయనా" అని అడిగేవాళ్లం. మెడ లేవకపోతే తర్వాత ఊపిరి కండరాలు కూడా పడిపోవచ్చు. వెంటిలేటర్ ఖాళీగా ఉందో లేదో అప్పుడే కనుక్కోవాలి.

ఆ కేసుల్లో ఒకామె మొహం నాకిప్పటికీ గుర్తే. మందు కొట్టిన మర్నాడే మిరప చేలో కాయ కోతకు వెళ్లి పడిపోయింది. ఊళ్లో అందరూ తాగిందనే అనుకున్నారు. అత్తగారు మంచం పక్కన నిలబడి "ఏం తక్కువైందే నీకు" అని ఏడుస్తోంది. పోలీసులకు కబురు వెళ్లింది. ఆమె మాత్రం తెలివి వచ్చినప్పుడల్లా "నేను తాగలేదమ్మా" అంటూనే ఉంది. నమ్మింది నేనూ డ్యూటీ డాక్టరూ మాత్రమే. ఆమె బతికింది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారని పేపర్లో చదివినప్పుడు, ముందుగా ఆమె గొంతే వినిపించింది నాకు.

ఇప్పుడు మల్లె సంగతి చూడండి. సూర్యుడు రాకముందే కోత మొదలవుతుంది. చేతులకు ఏ తొడుగూ ఉండదు. వేల మొగ్గలు గిల్లితేగాని కిలో తూగదు. తర్వాత అవి మాల కట్టేవాళ్ల ఒళ్లోకి చేరతాయి. మూర తెగాలంటే దారాన్ని పంటితోనే కొరుకుతారు. అక్కడి నుంచి జడలోకి, పెళ్లికూతురి మెడలోకి, పసిపిల్ల ఉయ్యాల మీదికి. కూరగాయనైతే కడుక్కుంటాం. మల్లెపువ్వును కడిగి పెట్టుకునేవాళ్లను నేను చూడలేదు. మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందును కూరగాయల మీద కొట్టకూడదని 2005లో నిషేధం వచ్చింది. తినేవాటిలో ఏ మందు అవశేషం ఎంతవరకు ఉండవచ్చో ఆహార భద్రత నిబంధనల్లో రాసి ఉంది. జడలో పెట్టుకునే పువ్వు ఆహారం కాదు కాబట్టి ఆ లెక్కలోకే రాదు.

మందు లేకుండా మల్లె పండదా అంటే పండుతుంది. నవంబరులో తడి ఆపేస్తాం. చెట్లు ఎండుముఖం పట్టాక గొర్రెల్ని తోలి ఆకు మేపిస్తాం. ఆపైన కొమ్మలు కత్తిరించి, పాదులు తవ్వి, పశువుల ఎరువు వేసి నీళ్లు పెడితే మార్చికల్లా మొగ్గ పడుతుంది. మొగ్గతొలిచే పురుగు కోశాలు మట్టిలోనే ఉంటాయి, పాదులు తవ్వితే కొన్ని ఎండకు పోతాయి. తొలిచిన మొగ్గల్ని రోజూ ఏరి సబ్బునీళ్లలో వేస్తాను. వేపగింజల కషాయం ఐదు శాతం, అంటే 100 లీటర్ల నీళ్లకు 5 కిలోల గింజల పొడి లెక్కన కొడతాను. ఏ రోజు ఎన్ని మొగ్గలు ఎర్రబడ్డాయో పుస్తకంలో ఎక్కిస్తాను. రాయని పని చేయనట్టేనని ట్రైనింగులో నేర్పారు, ఆ అలవాటు పోలేదు. ఇంత చేసినా కొన్ని వారాలు పురుగుదే పైచేయి. ఆ వారాల్లో వ్యాపారి ఏరి పారేసేది ఎక్కువే ఉంటుంది.

ఇక్కడిదాకా వచ్చాక "కాబట్టి రైతులారా, మీరూ మానండి" అని రాద్దామనే కలం పట్టాను. కానీ మా గట్టు అవతల మల్లె వేసినతను కౌలుదారు. కౌలు ముందే కట్టేశాడు. కోత కూలి కిలో లెక్కన ఏ రోజుకారోజు ఇవ్వాలి. పెట్టుబడి వడ్డీకి తెచ్చాడు. మార్చి నుంచి జూను దాకా వచ్చేదే అతని ఏడాది. ఒక్క విడత మొగ్గ పురుగుకు పోయిందంటే అప్పు వచ్చే ఏడాదికి దొర్లుతుంది. మార్కెట్లో అతని కిలోకూ నా కిలోకూ ఒకటే ధర. నాకైతే నెల మొదట్లో పెన్షన్ పడుతుంది. పారేసిన ఎర్రమొగ్గలు నా వంటింటిని తాకవు. అలాంటి నేను నా తోటను చూపించి అతనికి బుద్ధి చెప్పడం న్యాయం కాదు. నా తోట ఎవరికీ నమూనా కాదు. ఉద్యోగం మానేసి పూలు పండిస్తామని ఫోన్ చేసే సిస్టర్లకు అందుకే ఒకటే చెబుతున్నాను: ముందు పెన్షన్ పడనివ్వండి, ఆ తర్వాత మల్లె అంటు నాటండి.

ఖమ్మం వైపు పునుకుల ఊరు 2000 దశకం మొదట్లోనే పత్తికి పురుగుమందులు మానేసింది. ఏ ఒక్కరో తెగించి కాదు, ఊరంతా కలిసి మానేసింది. మల్లెకూ అలాంటి ఏర్పాటు కావాలి. మందు కొట్టని పూలకు మార్కెట్లో వేరే కాటా, వేరే ధర కావాలి. మందు కొట్టాక ఎన్నాళ్లకు కోయాలో పూలకూ నిబంధన కావాలి. అప్పుడు మానమని అడిగితే కౌలుదారుకు ఆ మాట వినే వీలుంటుంది.

ఆ ఏర్పాటు వచ్చేదాకా పూలు కొనేవాళ్లు "మందు కొట్టినవేనా?" అని ఒక్కమాట అడగండి. నాలుగు మచ్చల మొగ్గలున్న మాలను వెనక్కి ఇవ్వకండి. పూలు కోసేవాళ్లు, కట్టేవాళ్లు అన్నం ముట్టేముందు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోండి. దారాన్ని పంటితో కొరక్కండి, చిన్న కత్తెర దగ్గర పెట్టుకోండి.