నిర్జన వారధి: పోరాటం ముగిశాక మొదలైన కథ

కొండపల్లి కోటేశ్వరమ్మ ఆత్మకథ ‘నిర్జన వారధి’ 2012లో వెలువడింది. నేను చదివిన సమీక్షల్లో ఎక్కువ భాగం ఆమె ఓర్పును కీర్తించినవే. బాల్య వైధవ్యం, పునర్వివాహం, అజ్ఞాతవాసం, భర్త సీతారామయ్య దూరం కావడం, బిడ్డల మరణం – ఇన్ని దుఃఖాల నడుమ ఓర్పు తప్ప మరొకటి కంటికి ఆనకపోవడం సహజమే. కాని ఆ కీర్తనలో ఒక ప్రశ్న మరుగున పడింది. పోరాటం ఆగిపోయాక ఆ స్త్రీ ఎవరి ఆసరాతో నిలదొక్కుకుంది?

తెలంగాణ సాయుధ పోరాటాన్ని కమ్యూనిస్టు పార్టీ 1951 అక్టోబరులో విరమించింది. నాయకులకు ఎన్నికలు, చట్టసభలు ఎదురుగా ఉన్నాయి. స్త్రీలలో చాలామందికి మిగిలింది వంటిల్లే. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో ఆ నొప్పి పలువురి గొంతుల్లో వినిపిస్తుంది.

కోటేశ్వరమ్మ ముప్పై అయిదేళ్ళ ప్రాంతంలో హైదరాబాదులోని ఆంధ్ర మహిళా సభలో మెట్రిక్ చదువుకు చేరారు. పిల్లల్ని చూసుకున్నది ఆమె తల్లి. ఏ పథకం లెక్కలోకీ రాని సాయం అది. సభను స్థాపించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ కాంగ్రెస్ మనిషి, ప్రణాళికా సంఘ సభ్యురాలు. తన పార్టీ ఏ ప్రభుత్వంతో తలపడిందో ఆ ప్రభుత్వపు పెద్ద నెలకొల్పిన సంస్థలోనే ఈ కమ్యూనిస్టుకు చోటు దొరికింది. బడి ఈడు దాటిన స్త్రీలకు తక్కువ కాలంలో చదువు చెప్పే ఈ పద్ధతిని 1958 నుంచి కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి దేశమంతటా పథకంగా నడిపింది. అది యోధురాళ్ళ కోసం పెట్టినది కాదు. అందుకే పనికొచ్చిందని నా అభిప్రాయం. ఆ తలుపు దగ్గర కావలసింది చదువుకోవాలన్న అవసరమే. త్యాగానికి రుజువు కాదు.

1972లో మొదలైన స్వాతంత్ర్య సమరయోధుల పింఛను తీరు వేరు. జైలు శిక్ష ఆరు నెలలు ఉండాలన్న నిబంధనను స్త్రీలకు మూడు నెలలకు తగ్గించారు, మంచిదే. అజ్ఞాతవాసానికి మాత్రం వారంటో, తలకు వెల కట్టిన ప్రకటనో కావాలి. డెన్‌లో అన్నం వండి, కొంగుచాటున ఉత్తరాలు మోసిన మనిషి మీద వారంటు ఎవరు రాస్తారు? ఎవరికీ అనుమానం రాకపోవడమే ఆమె పనితనం. పింఛను దగ్గర అదే ఆమెకు అనర్హత. సియర్రా లియోన్‌లో అంతర్యుద్ధం తర్వాత సాయం పొందడానికి తుపాకి అప్పగించాలన్నారు. తుపాకి లేని ఆడపిల్లలెందరో ఆ లెక్కకు అందలేదు.

నేనుండే బుకిట్ బటోక్ గుట్ట మీద 1942లో జపానువారు యుద్ధఖైదీల చేత తమ మృతులకు స్మారకం కట్టించారు. ఇప్పుడు మెట్లే మిగిలాయి. మరుసటి ఏడు ఇదే ఊళ్ళో ఝాన్సీరాణి దళం ఏర్పడింది. మలయా రబ్బరు తోటల కూలి కుటుంబాల ఆడపిల్లలెందరో అందులో చేరారు. 1945లో ఇళ్ళకు పంపేశారు. దళనాయిక లక్ష్మీ స్వామినాథన్‌కు వైద్యం చేతిలో ఉంది. తోట పిల్లలకు ఏ చదువు ఉంది?

వైద్యుణ్ణి గనుక నాకు తోచే పోలిక ఒకటుంది. శస్త్రచికిత్స గదికి దొరికే గౌరవం, తర్వాత నెలల తరబడి సాగే ఫిజియోథెరపీకి దొరకదు. రోగి మళ్ళీ నడిచేది దాని వల్లనే. ‘నిర్జన వారధి’ పాఠకులకూ అజ్ఞాతవాసం మీద ఉన్న ఆసక్తి కాకినాడ మహిళా పాలిటెక్నిక్ హాస్టలు మేట్రన్ ఉద్యోగం మీద ఉండదు. కోటేశ్వరమ్మ జీతం కోటేశ్వరమ్మ చేతికి వచ్చింది మాత్రం అక్కడే.