మోకాలు కాదు, తుంటి

జెన్ ధ్యానం అనగానే చాలామందికి పద్మాసనం, దాని వెంటే మోకాళ్ల నొప్పి గుర్తొస్తాయి. ఆ నొప్పిని పంటిబిగువున ఓర్చుకోవడమే సాధన అనుకుంటారు. జపాన్‌లో సోతో శాఖకు ఆద్యుడైన దోగెన్ (1200–1253) మాట అది కాదు. చైనాలో చదువుకుని 1227లో తిరిగొచ్చిన ఆయన, ‘ఫుకన్ జజెన్‌గి’ అనే చిన్న రచనలో కూర్చోవడాన్ని సుఖమార్గంగానే చూపాడు. కాళ్లు మడవమని చెప్పడానికి ముందే కింద మందపాటి పరుపు, దాని మీద దిండు వేసుకోమన్నాడు.

ఆ గుండ్రటి దిండు పేరు జఫు. లోపల కూరేది తరచుగా బూరుగుదూదే. దిండు మొత్తం మీద కాకుండా ముందు అంచుకు జరిగి కూర్చోవాలి. అప్పుడు నడుము కాస్త ముందుకు వాలి, మోకాళ్లు తుంటి కన్నా కిందికి దిగుతాయి. పిరుదులు, రెండు మోకాళ్లు పొయ్యిరాళ్లలా మూడుచోట్ల బరువు మోస్తాయి. మోకాలు గాల్లో వేలాడితే భారమంతా నడుము మీద పడుతుంది. దాని కింద మడిచిన తువ్వాలు పెట్టుకోవడం నామోషీ కాదు.

అసలు కిటుకు తుంటిలో ఉంది. మోకాలు తలుపు బందు లాంటిది, ముడుచుకుంటుంది, చాచుకుంటుంది, అంతే. గుండ్రంగా తిరిగేది తుంటి కీలు. అది బిగుసుకుపోయి ఉండగా పాదాన్ని తొడ మీదికి లాగితే ఆ మెలి మోకాలికి చేరి, లోపలి మృదులాస్థి చిరిగే ప్రమాదం ఉంది. అందుకే రోజూ వెల్లకిలా పడుకుని, కుడి చీలమండను ఎడమ తొడ మీద మోకాలికి దగ్గరగా ఆనించి, ఎడమ తొడను రెండు చేతులతో రొమ్ము వైపు తెచ్చుకోండి. కుడి పిరుదు లోతుల్లో లాగుతుంది. లాగాల్సింది అక్కడే. మోకాల్లో పోటు తెలిస్తే వెంటనే వదిలేయండి. తర్వాత కాలు మార్చండి. నా కుడి మోకాలు నేలకు ఆనడానికి ఐదు నెలలు పట్టింది. నేల మీద విస్తరి ముందు కూర్చుని తిన్న మా తాతయ్యకు ఈ కసరత్తు అవసరమే రాలేదు.

ఈలోగా బర్మా పద్ధతి చాలు. అది మనం మఠం వేసుకోవడం లాంటిదే, కాకపోతే రెండు పాదాలూ ఒకదాని ముందొకటి నేల మీదే ఉంటాయి. అది అలవాటయ్యాక ఎడమ పాదాన్ని కుడి తొడ మీద పెడితే అర్ధపద్మాసనం. దోగెన్ దానికీ పూర్తి పద్మాసనంతో పాటే చోటిచ్చాడు. మోకాళ్లు అరిగినవారు కుర్చీలో కూర్చోవచ్చు. ఎలా కూర్చున్నా చెవులు భుజాలకు, ముక్కు బొడ్డుకు సూటిగా ఉండాలి.

సాధారణంగా ఒక విడత నలభై నిమిషాలు. ఆపైన కిన్‌హిన్ అనే నడక ఉంటుంది. సోతో పద్ధతిలో ఊపిరికి అర అడుగు చొప్పున వేస్తారు. గంట మోగగానే దిగ్గున లేవకండి. ఒంటిని అటూ ఇటూ మెల్లగా ఊపి, కాళ్లు చాచుకుని, తిమ్మిరి పూర్తిగా వదిలాకే లేవండి.