పుల్ల తిరిగొచ్చే దారి

కొత్తగా నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాడికి ఆ పెద్దాయన మొదటి రోజు డప్పు ఇవ్వరు. తోలు ఊడిపోయిన పాత ఇనుప రింగు ఒకటి భుజానికి తగిలిస్తారు. ఎడమ అరచెయ్యి దాని పై అంచు మీద ఆనించమంటారు. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ సన్నటి వెదురు పుల్ల పెడతారు. కుర్రాడు దాన్ని గట్టిగా బిగించి పట్టుకుంటాడు. ఎవరైనా అదే చేస్తారు. "పట్టుకోవద్దురా, పెట్టుకో" అంటారాయన. వదులు చేస్తే పుల్ల జారి కింద పడుతుంది. ఏరుకుని మళ్లీ పెట్టుకోవాలి. రింగు నడుమ అంతా ఖాళీయే, కొట్టడానికి ఏమీ లేదు. అందుకని కొట్టాలన్న తొందరా ఉండదు. ఆ మధ్యాహ్నమంతా పుల్ల పడటం, ఏరుకోవడం, గాలిలో వేళ్లతో ఊపడం, అంతే పాఠం.

ఇది జరిగేది పీణ్య రెండో స్టేజీలో, ఆదివారం షట్టర్లు దించిన రెండు షెడ్ల మధ్య ఉన్న కాస్త జాగాలో. తుమకూరు రోడ్డు మీద 2014 మార్చిలో మెట్రో వచ్చాక పీణ్య పేరు విననివాళ్లు బెంగళూరులో లేరు గానీ, స్టేషను దిగి లోపలి సందుల్లోకి వచ్చేవాళ్లు మాత్రం పనివాళ్లే. లేత్‌లు, మిల్లింగు మిషన్లు, గ్రైండింగు, పౌడర్ కోటింగు. ఆ షెడ్లలో చేసేవాళ్లలో అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి వచ్చినవాళ్లు చాలామంది. పెద్దాయనది శిడ్లఘట్ట వైపు పల్లె. ఇంట్లో తెలుగు, షెడ్డులో కన్నడం, డప్పు ముందు రెండూ. పేరు రాయొద్దన్నారు, రాయను. నేను మొదట చూడటానికి వెళ్లాను. తర్వాత ఆగలేక నేర్చుకోవడానికి కూర్చున్నాను. కూర్చున్నాను అనడం తప్పు, డప్పు నిలబడి నేర్చుకునే విద్య.

డప్పు, పలక, తప్పెట, కన్నడంలో తమటె. పేర్లు ఎన్నయినా వాయిద్యం ఒకటే కుటుంబం: గుండ్రటి చట్రం, ఒకవైపు మాత్రం బిగించిన తోలు, రెండు పుల్లలు. కుడిచేతిలో ఉండేది సిర్ర, పొట్టిగా లావుగా ఉంటుంది. ఎడమచేతిలోది చిటికెన పుల్ల, సన్నగా పొడుగ్గా. చిటికెన వేలు ఆ పేరులోనే ఉంది. తమిళంలో పఱై వాయించేవాళ్లు కూడా ఈ రెంటికీ వేరు వేరు పేర్లు పెట్టుకున్నారు, లావుదాన్ని అడికుచ్చి అంటారు, సన్నదాన్ని సుండుకుచ్చి అంటారు. ఒకటి కొట్టేది, ఒకటి మీటేది. రెండు చేతులకు రెండు రకాల పని అన్న సంగతి వాయిద్యం పుట్టినప్పుడే తేలిపోయినట్టుంది.

ఆ ఎడమచెయ్యి గురించి ఎంత చెప్పినా తక్కువే. చూసేవాళ్ల కళ్లన్నీ సిర్ర మీదే ఉంటాయి, పెద్ద మోత దానిదే కనుక. నిజానికి దరువును కుట్టి ఉంచేది చిటికెన పుల్ల. అరచెయ్యి అంచు మీద ఆనే ఉంటుంది, మణికట్టు దాదాపు కదలదు. పుల్ల తోలుకు అడ్డంగా పరుచుకున్నట్టు ఉంటుంది. బొటనవేలు కింద నుంచి ఆసరా ఇస్తుంది, చూపుడువేలు పై నుంచి ఒత్తి వదిలేస్తుంది, మిగతా మూడు వేళ్లు అటూ ఇటూ పోకుండా కాపలా కాస్తాయి. పుల్ల మొన ఒక్కటే తాకితే 'టిక్' మంటుంది. పుల్ల పొడుగంతా తోలు మీద చదునుగా పడితే 'ఠప్' మని పగులుతుంది. ఆ రెంటికీ మధ్య వేళ్లు మారే దూరం ఒక బియ్యపు గింజంత. పెద్దాయన రెండు వేళ్లతో నా చూపుడువేలిని పట్టుకుని ఆ గింజంత దూరం జరిపినప్పుడు శబ్దం మారిపోయింది. చేసింది నా చెయ్యే, కానీ నాకు తెలియకుండా జరిగింది. తెలిసి చేయడానికి ఇంకో ఐదు వారాలు పట్టింది.

కుడిచెయ్యి కథ వేరు. పీణ్యలో నేర్చుకునే వాళ్లకు అదే పెద్ద గండం. వీళ్ల చేతులు వారానికి ఆరు రోజులు బిగించే చేతులు: స్పానరు, చక్ కీ, సుత్తి. నట్టు బిగించినట్టే సిర్రను బిగిస్తారు. దెబ్బ తోలు మీద పడి అక్కడే ఆగిపోతుంది. ఆగిన పుల్ల తోలును నొక్కి పట్టుకుంటుంది గనక మోత లేవకముందే చచ్చిపోతుంది. నాదీ అదే తప్పు. మూడో వారానికి మణికట్టు వాచి రెండు ఆదివారాలు ఊరికే నిలబడి చూశాను. ఆ రెండు వారాల్లోనే నాకు ఎక్కువ తెలిసింది.

తెలిసిందేమంటే, పెద్దాయన చెయ్యి కిందికి దిగేటప్పుడు చూడటానికి ఏమీ లేదు. చూడాల్సింది పైకి లేచేటప్పుడు. సిర్ర తోలును తాకి ఉండేది సెకనులో వందో వంతు కూడా కాదు. బిగించిన తోలు పుల్లను తనే వెనక్కి తోసేస్తుంది. ఆ తోపును అడ్డుకోకుండా ఉండటం ఒక విద్య. దాన్ని ఎంత ఎత్తు దాకా పోనివ్వాలో నిర్ణయించడం అసలు విద్య. తర్వాతి దెబ్బ పెద్దదైతే పుల్లను భుజం దాకా పోనిస్తారు. చిన్నదైతే నాలుగు వేళ్ల ఎత్తులో ఆపేస్తారు. అంటే ప్రతి దెబ్బా దిగేటప్పుడు ఒక మోత, లేచేటప్పుడు తర్వాతి మోతకు సిద్ధపాటు. ఈ సంగతి ఆయన ఒక్క మాటలో చెప్పారు: "కొట్టినాక ఇడుసు. ఇడిసినాక పట్టు." మంచి ఫిట్టర్ సుత్తి కూడా దాగలి మీద ఇలాగే తిరిగి లేస్తుందని, అలుపు లేకుండా పొద్దంతా కొట్టేవాడి రహస్యం అదేనని అక్కడ ఒక కుర్రాడికి చెబుతుంటే విన్నాను. ఆ తర్వాతి వారం నుంచి ఆ కుర్రాడి సిర్ర లేవడం మొదలైంది. చేతికి కొత్త సంగతి నేర్పడానికి చేతికి తెలిసిన సంగతినే వాడుకోవడం చూసి, పాఠం చెప్పడం అంటే ఇది కదా అనిపించింది.

పశ్చిమ దేశాల డ్రమ్ముల వాళ్లు ఇదే లెక్కను కాగితం మీద పెట్టారు. ఎత్తు నుంచి మొదలై ఎత్తుకే చేరేది, ఎత్తు నుంచి దిగి కిందే ఆగేది, కింద మొదలై కిందే ఉండేది, కింద కొట్టి పైకి లేచేది అని నాలుగు రకాల దెబ్బలు. అమెరికాలో శాన్‌ఫర్డ్ మోలర్ 1925లో, జార్జ్ లారెన్స్ స్టోన్ 1935లో వేసిన పుస్తకాలు ఇప్పటికీ బడుల్లో నడుస్తున్నాయి. స్టోన్ పుస్తకం 'స్టిక్ కంట్రోల్'లో కుడి ఎడమలను మార్చి మార్చి వేసే వరసలుంటాయి, ఒక్కో వరసను ఆపకుండా 20 సార్లు వాయించమంటాడు. అక్కడి లక్ష్యం రెండు చేతుల మోత ఒకేలా వినిపించడం. డప్పుది దానికి సరిగ్గా ఎదురు. ఇక్కడ రెండు చేతులు ఇద్దరు మనుషులు. ఒకరు పిలవాలి, ఇంకొకరు పలకాలి. స్టోన్ వరసలను అలాగే తెచ్చి డప్పు మీద పెడితే చేతులు చురుకవుతాయేమో గానీ దరువు రాదు. ఒకే సంగతిని రెండు నేలలు రెండు రకాలుగా పండించుకున్నాయి. ఒకదానికి పుస్తకం ఉంది కదా అని రెండోది తక్కువ శాస్త్రమని నేను ఒప్పుకోను.

పీణ్యకు కూతవేటు దూరంలో జాలహళ్ళి అయ్యప్ప గుడి ఉంది. మలయాళీల చెండ మేళం దగ్గర నిలబడి వింటే ఇంకో సంగతి తెలుస్తుంది. కుడి మణికట్టు గుండ్రంగా తిరిగి, పుల్ల తోలు మీద దొర్లినట్టు పడుతుంది. కేరళలో చెండ నేర్చుకునే పిల్లలు నెలల తరబడి చెండను ముట్టుకోరు. చింతకర్ర పుల్లలతో రాతి మీదో కొయ్య మీదో సాధన చేస్తారు. రాయి పుల్లను ఉదారంగా వెనక్కి తోయదు, కాబట్టి ఎత్తడం చెయ్యే నేర్చుకోవాలి. మన పెద్దాయన ఖాళీ రింగు ఇవ్వడం, వాళ్లు రాయి ఇవ్వడం ఒకే ఆలోచన అని నాకు తోస్తుంది.

తోలు ఉదారంగా తోస్తుందన్నాను గానీ దానికీ షరతులున్నాయి. గాలిలో తేమ ఉంటే తోలు వదులవుతుంది. జులై సాయంత్రం పీణ్యలో చినుకు పడితే పది నిమిషాల్లో డప్పు గొంతు పూడుకుపోతుంది. అప్పుడు షెడ్ల బయట పడేసిన ప్యాకింగు అట్టలు పోగేసి మంట వేస్తారు. డప్పును మంటకు జానెడు దూరంలో తిప్పుతూ కాస్తారు. తేమ పోయి తోలు బిగుస్తుంది, గొంతు పైకి లేస్తుంది. ఎక్కువ కాస్తే పగులుతుంది. ఎంతసేపన్న లెక్క గడియారంలో లేదు, ఆయన గోటితో తోలు మీద మీటి చెవి దగ్గర పెట్టుకుంటారు. మూడోసారికో నాలుగోసారికో తల ఊపుతారు. ఇప్పుడు నట్లతో బిగించే ఇనుప రింగుకు ఫైబర్ తొడిగిన డప్పులు వచ్చాయి. వానకు భయం లేదు, బరువు తక్కువ, పెళ్లి ఊరేగింపుల్లో అవే. ఆయన వాటిని తిట్టరు. కానీ మొదటి ఏడాది వాటి మీద నేర్పరు. ఫైబర్ పుల్లను విసిరేసినంత గట్టిగా వెనక్కి తోస్తుంది, చెయ్యి సోమరి అవుతుందంటారు. నేను రెండూ వాయించి చూశాను. ఆయన చెప్పింది నిజం.

దరువు నేర్పేది నోటితో. కాగితం లేదు. 'డండనక' అంటారు. ఆయన లెక్కలో 'డం' అంటే సిర్ర తోలు నడుమన, 'డ' అంటే అదే సిర్ర కాస్త పైన, 'న' చిటికెన పుల్ల మొన, 'క' అదే పుల్ల చదునుగా. మాట నోట్లో పలికితే ఏ పుల్ల, ఎక్కడ, ఎంత బరువు అన్నీ అందులోనే ఉన్నాయి. ఊళ్లో జాతరలో చిన్నప్పుడు ఊరికే అరిచిన మాటల్లో ఇంత పాఠం దాగి ఉందని నలభై దాటాక తెలిసింది. నోటికి పట్టనిది చేతికి పట్టదని ఆయన నమ్మకం. కాబట్టి ముందు నోరు, తర్వాత అడుగు, ఆ తర్వాతే చెయ్యి. కుడికాలు ముందుకు పడినప్పుడు 'డం' పడాలి. అడుగు తప్పినవాడి దరువు తప్పకుండా తప్పుతుంది. డప్పు వాయిస్తూ ఆడటం అలంకారం అనుకునేవాణ్ణి, కాలమానం ఉండేది కాళ్లలోనే.

ఇంతటి పనితనం ఇన్ని తరాలు ఎవరి చేతుల్లో బతికిందో చెప్పకుండా దీన్ని మెచ్చుకోవడం అన్యాయం. చావుకూ జాతరకూ చాటింపుకూ డప్పు కొట్టడం మాదిగల మీద ఊరు మోపిన పని. పిలిస్తే పోవాల్సిందే. వాయించే చెయ్యి కావాలి, ఆ చెయ్యి తాకిన నీళ్లు వద్దు. కర్ణాటకలో తమటె కథా ఇంతే. ఆ అవమానం తట్టుకోలేక డప్పును పక్కన పెట్టిన ఇళ్లున్నాయి, వాళ్లను తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన పోరాటం చాటింపు మాటనే పేరుగా తీసుకుని మాదిగ దండోరా అయింది, డప్పును సభల ముందు వరసలో నిలబెట్టింది. 2023లో చిక్కబళ్లాపుర జిల్లా శిడ్లఘట్ట తాలూకా పిండిపాపనహళ్లి మునివెంకటప్ప గారికి తమటె వాదనానికి పద్మశ్రీ వచ్చింది. తెలుగు, కన్నడం కలిసి పారే సీమ అది. మా పెద్దాయన ఆ వార్త వచ్చిన పత్రికను మడత పెట్టి డప్పు సంచిలోనే ఉంచుకున్నారు. "మా తాతను పిలిస్తే పోయినాడు. నేను పిలిస్తే వీళ్లు వస్తా ఉండారు" అన్నారొకసారి, కుర్రాళ్లను చూపిస్తూ. వాళ్లలో అన్ని కులాల వాళ్లూ ఉన్నారు. డప్పు కింద పెడితే ఆయన ముందు వంగి తీసుకుంటారు.

ఈ మధ్య ఒక లేత్ ఆపరేటరు నైలాన్ రాడ్డుతో సిర్ర చేసి తీసుకొచ్చాడు. అద్దంలా నునుపు, కొలతలు వెర్నియర్‌తో చూసినవి, ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. పెద్దాయన చాలాసేపు తిప్పి తిప్పి చూశారు, పని బాగుందన్నారు, వాయించారు. బరువు మొనకు చేరలేదు, మోత మొద్దుగా వచ్చింది. కుర్రాడు చిన్నబుచ్చుకోలేదు. తర్వాతి వారం వెదురు తెచ్చి పుల్లలు చీల్చాడు, గాజు పెంకుతో గీకాడు. పిడి నుంచి మొనకు ఎంత సన్నబడాలో మాత్రం వెర్నియర్‌తోనే చూసుకున్నాడు. పన్నెండు పుల్లలు వరసగా పేర్చి పెట్టాడు. పెద్దాయన కొలతలు అడగలేదు. ఒక్కో పుల్లనూ జానెడు ఎత్తు నుంచి సిమెంటు గచ్చు మీదికి వదిలి, అది ఎగిరి పడే చప్పుడు విన్నారు. నాలుగింటిని ఎడమ పక్క పెట్టారు, ఎనిమిదింటిని కుడి పక్క. కుర్రాడు ఎడమ పక్కవి నాలుగూ తీసుకుని, గాజు పెంకు వెతుక్కుంటూ మళ్లీ కూర్చున్నాడు.