ముందు నీళ్ల లెక్క

టెక్సస్‌లో స్థిరపడిన తెలుగువాళ్ల మధ్య లాంగ్ వీకెండ్ మాట వస్తే బిగ్ బెండ్ పేరు వినబడుతుంది. డాలస్ నుంచి కారులో ఎనిమిది, తొమ్మిది గంటలు. విమానంలో మిడ్‌లాండ్ దాకా వెళ్లినా అక్కణ్నుంచి మళ్లీ మూడు నాలుగు గంటల రోడ్డు. అమెరికా, మెక్సికోలకు సరిహద్దుగా ఆగ్నేయానికి పారుతూ వచ్చిన రియో గ్రాండే నది ఈశాన్యానికి తిరిగే పెద్ద వంపులో, చివావా ఎడారి నడుమ, 3,200 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న నేషనల్ పార్క్ అది. 1944లో ఏర్పడింది. దక్షిణపు అంచున సుమారు 190 కిలోమీటర్ల మేర నదే దానికి హద్దు. ఇంత దూరం వెళ్తున్నాం కదా, ఏదీ వదలకూడదన్న ఆత్రంతో చూడాల్సిన చోట్లన్నీ ముందే రాసుకుని, ఉన్న రోజుల్ని వాటికి పంచేయడం మనకు అలవాటు. ఈ పార్కు దగ్గర ఆ అలవాటు చెల్లదని నా వాదన. ఇక్కడికి ప్రయాణం నీళ్ల లెక్కతో మొదలు కావాలి. నదిలో ఎంత పారుతోంది, అది ఎక్కణ్నుంచి వచ్చింది, మన డబ్బాల్లో ఎంత ఉంది, ఏ నెలలో ఏ ఎత్తున ఒంటికి ఎంత కావాలి అన్నవి తేలాకే మిగతావి. దీన్ని ప్రాణం కాపాడుకోవడానికి చెప్పే జాగ్రత్తగా మాత్రమే తీసుకునేవాళ్లు ఎక్కువ. ఆ చోటు అర్థం కావడానికి కూడా ఇంతకన్నా మంచి దారి లేదని నేను నమ్ముతాను.

మొదట నది సంగతి. మ్యాపులో రియో గ్రాండే ఒకే గీతగా కనిపిస్తుంది. కొలరాడో కొండల్లో పుట్టి, న్యూ మెక్సికో దాటి, టెక్సస్ అంచు వెంబడి సాగి గల్ఫ్‌లో కలుస్తుంది. నేల మీద ఆ గీత మధ్యలో దాదాపు తెగిపోతుంది. న్యూ మెక్సికోలో 1916లో పూర్తయిన ఎలిఫెంట్ బ్యూట్ డ్యామ్, దాని కింది కాలువలు, ఎల్ పాసో, హ్వారెస్ నగరాలు, వాటి చుట్టూ పొలాలు వాడుకున్నాక కిందికి వదిలేది చాలా తక్కువ. ఎల్ పాసో దాటాక కొన్ని వందల కిలోమీటర్లు అది పొదలు కమ్మిన సన్నటి పాయ. ప్రెసిడియో, ఓహినాగా ఊళ్ల దగ్గర మెక్సికో వైపు నుంచి కోంచోస్ నది వచ్చి కలిశాకే మళ్లీ నది అనిపించుకుంటుంది. కాబట్టి బిగ్ బెండ్‌లో మనం ఫొటోలు తీసుకునే నీళ్లలో ఎక్కువ భాగం చివావా రాష్ట్రపు కొండల మీద పడిన వాన. ఆ వాన మీద పెద్ద పంచాయితీయే ఉంది. పార్కు పుట్టిన 1944లోనే రెండు దేశాలూ నీటి ఒప్పందం చేసుకున్నాయి. కోంచోస్‌తో కలిపి మెక్సికో వైపు ఆరు ఉపనదుల నుంచి చేరే నీటిలో మూడో వంతు అమెరికాది. ఐదేళ్ల సగటున అది ఏడాదికి మూడున్నర లక్షల ఎకరా-అడుగులకు తగ్గకూడదు. మన లెక్కలో 15 టీఎంసీల పైమాట. కరువొస్తే ఆ బాకీ తీరదు. 2020 సెప్టెంబరులో కోంచోస్ మీది లా బొకీయా డ్యామ్ నుంచి నీళ్లు వదలొద్దంటూ చివావా రైతులు డ్యామ్‌నే తమ అధీనంలోకి తీసుకున్నారు. ప్రాజెక్టు గేట్ల దగ్గర పోలీసు పహరాలు, ఎగువ దిగువ తగాదాలు చూసిన మనకు ఈ కథ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు సాంటా ఎలెనా లోయ ముందు నిలబడి చూస్తే కనిపించేది వేరుగా ఉంటుంది. రెండు పక్కలా 450 మీటర్ల సున్నపురాతి గోడలు, వాటి మధ్య నది. ఈ గోడను కోసిన నది ఇదేనా అన్నంత చిన్నగా ఉంటుంది చాలా రోజుల్లో. 2022 వసంతంలో ఆ లోయలో పారకం ఆగిపోయి అడుగు బయటపడింది. పడవ ఎక్కడం కోసమే అంత దూరం వచ్చినవాళ్లకు అది డబ్బు దండగ. నీళ్ల లెక్క తెలిసి వచ్చినవాళ్లకు ఆ ఎండిన అడుగే ఆ ఏడాది చూడాల్సినది; రెండు దేశాల డ్యాములు, పొలాలు, నగరాలు తమ వాటా తీసుకున్నాక చివర కొండకు, చేపకు ఎంత మిగిలిందో అక్కడ కళ్లకు కడుతుంది. లోయలోకి వెళ్లే కాలిబాట కూడా ఇదే చెబుతుంది. బాట మొదట్లోనే టెర్లింగ్వా వాగు దాటాలి. చాలా రోజులు అక్కడ నీళ్లుండవు, నెర్రెలిచ్చిన ఒండ్రు మాత్రమే. ఎక్కడో ఎగువన వాన పడితే, మన నెత్తిన చుక్క రాలకపోయినా, వాగు పొంగుతుంది, బాట మూసేస్తారు. ఏ రోజు ఏది చూడాలో అక్కడ నిర్ణయించేది మన షెడ్యూలు కాదు.

ఇక ఒంటికి కావలసిన నీళ్లు. నది ఉంది కదా, అటువైపు చల్లగా ఉంటుందని మనం అనుకుంటాం. గోదావరి గట్టున, కృష్ణ ఒడ్డున సాయంత్రాలు గడిపినవాళ్లకు అలా అనిపించడం సహజం. బిగ్ బెండ్‌లో ఇది తలకిందులు. పార్కులో నది ఒడ్డే అన్నిటికన్నా పల్లం, కాబట్టి అన్నిటికన్నా వేడి. రియో గ్రాండే విలేజ్ సముద్రమట్టానికి సుమారు 560 మీటర్ల ఎత్తున ఉంటే, నడిమధ్య చిసోస్ కొండల్లోని ఎమరీ శిఖరం 2,385 మీటర్లు. ఎండ తట్టుకోలేకపోతే నది దగ్గరికి దిగడం కాదు, కొండ ఎక్కాలి. నది నీళ్లు బురదవి, తాగడానికి పనికిరావు. మ్యాపులో గుర్తు పెట్టిన ఊటలను నమ్ముకోవద్దని పార్కువాళ్లే చెబుతారు, మనిషికి రోజుకు ఒక గ్యాలన్, అంటే నాలుగు లీటర్ల దాకా మోసుకెళ్లమంటారు. 2023 జూన్‌లో నది వైపు దిగే మారుఫో వేగా బాటలో, వేడి 48 డిగ్రీల సెల్సియస్ ఉన్న రోజున, ఒక పద్నాలుగేళ్ల కుర్రాడు నడవలేక కూలిపోయి చనిపోయాడు; సాయం కోసం కారు దగ్గరికి పరుగెత్తిన సవతి తండ్రీ కారు ప్రమాదంలో మరణించాడు. నదికి దగ్గర్లోనే జరిగిందిదంతా. మన ఇళ్ల నుంచి అమ్మానాన్నలు, అత్తమామలు అమెరికా వెళ్లేది ఎక్కువగా మే నుంచి ఆగస్టు దాకా. వాళ్లకు అన్నీ చూపించాలన్న ప్రేమతో పిల్లలు ఆ నెలల్లోనే ప్రయాణాలు పెడతారు. ఇక్కడ వానలు సాధారణంగా జులైకి గానీ అందుకోవు కాబట్టి మే, జూన్‌లే గడ్డు నెలలు. ఆ వేళకు ఇంకేదైనా చూపించండి. బిగ్ బెండ్‌ను నవంబరు నుంచి మార్చి లోపు ఉంచుకోండి.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం గట్టిదే. అంత ప్రమాదమైతే సౌకర్యాలు పెంచొచ్చు కదా, బాటల వెంట కుళాయిలు, నది ఒడ్డున పెద్ద హోటళ్లు, అంతటా సెల్ సిగ్నల్ పెడితే సరిపోదా, ప్రజల డబ్బుతో నడిచే పార్కు ప్రజలకు సుఖంగా ఉండాలి కదా అంటారు. సిగ్నల్ గురించి నాకు పట్టింపు లేదు. నీళ్ల దగ్గరే చిక్కు. కొండల నడుమనున్న చిసోస్ బేసిన్‌లో వసతికి వాడే నీళ్లు, దానికి దిగువనున్న ఓక్ స్ప్రింగ్ ఊట నుంచి పంపులతో పైకి తోడినవి. ఇంకో గది కట్టారంటే ఇంకొన్ని బిందెలు ఆ ఊట నుంచే రావాలి. వేరే చోటు లేదు. ఊట ఎండితే ఏమవుతుందో అదే పార్కులో ఒకసారి జరిగింది. బిగ్ బెండ్ గాంబూసియా అనే చిన్న చేప ఉంది, రెండంగుళాలు మించదు. ప్రపంచం మొత్తంలో నది పక్కన రియో గ్రాండే విలేజ్ దగ్గరి ఊట మడుగులే దానికి ఇల్లు. 1954లో బొకియాస్ ఊట ఎండిపోయి అక్కడి చేపలు పోయాయి. ఇంకో వెచ్చటి ఊటలో మిగిలినవీ తగ్గిపోతుంటే 1956లో వాటి నుంచి తీసిన మూడు చేపలతో జాతిని నిలబెట్టారు. రెండు మగవి, ఒకటి ఆడది. ఈ రోజు ఆ మడుగులో తిరుగుతున్నవన్నీ ఆ మూడింటి సంతానమే. అదే ఊటల నీళ్లు ఆ పక్కనున్న క్యాంప్‌గ్రౌండ్‌కూ కావాలి. మడుగు గట్టున నిలబడి ఆకుపచ్చ నీళ్లలో కదిలే ఆ బూడిదరంగు చేపపిల్లల్ని చూసినవారెవరూ వంద గదుల హోటల్ కావాలని తేలిగ్గా అనలేరు. నీళ్లు మోసుకెళ్లమనడం యాత్రికుడికి వేసిన శిక్ష కాదు. మనం మోయని ప్రతి లీటరూ ఆ మడుగుల్లోంచో ఆ ఊటలోంచో రావాల్సిందే.

ముసలివాళ్లు, పసిపిల్లలు ఉన్నవాళ్ల మాటేమిటి, ఒంట్లో సత్తువ ఉన్న కుర్రకారుకే ఈ పార్కు రాసిచ్చేస్తామా అని రెండో అభ్యంతరం. ఇది నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది, ఎందుకంటే అడవి ప్రయాణాల గురించి రాసేవాళ్లు చాలామంది కష్టాన్నే గొప్పగా చెబుతారు. నేను కోరేది కష్టం కాదు, వ్యవధి. రాస్ మాక్స్‌వెల్ రోడ్డు తారు రోడ్డే, కారు దిగకుండానే సాంటా ఎలెనా గోడ కనిపించేదాకా తీసుకెళుతుంది. బేసిన్‌లో విండో వ్యూ దారి వీల్‌చెయిర్‌కూ వీలైనది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు శీతకాలంలో పొద్దున్నే వెళ్లి, దారిలో ఒకచోట ఆగి, నేలకు అంటుకున్న ఒక మొక్కను చూస్తే చాలు. రిసరెక్షన్ ప్లాంట్ అంటారు. ఎండల్లో ఆకులన్నీ లోపలికి ముడుచుకుని గోధుమరంగు పిడికిలిలా పడి ఉంటుంది, చచ్చిందనే అనుకుంటాం. వాన పడ్డ కొన్ని గంటలకే విప్పుకుని పచ్చబడుతుంది. పక్కనే ముళ్ల కర్రల గుత్తిలా నిలబడ్డ ఒకొటీయో కూడా వానకు నాలుగు రోజుల్లో ఆకు తొడిగి, తడి ఆరగానే రాల్చేస్తుంది. ఎడారి మొక్కలు నీళ్లను ఎలా లెక్కపెడతాయో ఇక్కడే తెలుస్తుంది, దీనికి పది మైళ్లు నడవనక్కర్లేదు. ఒక్క రోజులో ఆరు చోట్లు చుట్టబెట్టాలన్న హడావిడిలో పెద్దవాళ్లు కారులోనే మిగిలిపోతారు. రెండు చోట్లతో సరిపెట్టుకుంటే వాళ్లూ చూస్తారు.

మూడోది, ఇంత నీటి ఎద్దడి ఉన్న చోటుకు ఏటా లక్షల మంది వెళ్లడమే తప్పు, దాని మానాన దాన్ని వదిలేయడమే మేలు అనేవాళ్లది. 2021లో వచ్చినవాళ్లు ఐదు లక్షలు దాటారు, కాబట్టి ఈ భయం ఊరికే పుట్టింది కాదు. అయినా ఒప్పుకోలేను. ఆ నదికి ఆ వంపులో ఓటు వేసే పెద్ద నగరం లేదు, ధర్నా చేసే ఆయకట్టు లేదు. నీటి పంపకాల బల్ల దగ్గర లోయ తరఫున మాట్లాడేవాళ్లు దాన్ని చూసివచ్చినవాళ్లే అవుతారు. చూసినవాళ్ల సాక్ష్యానికి విలువుందనడానికి ఎలుగుబంట్ల కథ ఒకటి చాలు. పార్కు ఏర్పడే నాటికే చిసోస్‌లో నల్ల ఎలుగులు లేకుండా పోయాయి. 1980ల చివర్లో అవి మెక్సికో వైపు సియెర్రా డెల్ కార్మెన్ కొండల నుంచి నది దాటి, ఎడారి దాటి, వాటంతట అవే తిరిగొచ్చాయి. 1988లో ఒక యాత్రికుడు తీసిన ఫొటోలో తల్లి, మూడు పిల్లలు ఉన్నాయి. నది వాటికి అడ్డుగోడ కాలేదు. పార్కు ఏర్పడిన 1944లోనే అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మెక్సికో అధ్యక్షుడు ఆవిలా కమాచోకు రాసిన ఉత్తరంలో, రెండు ఒడ్లూ కలిసి ఒకే అంతర్జాతీయ పార్కు అయ్యేదాకా ఈ పని పూర్తయినట్టు కాదన్న అభిప్రాయం చెప్పాడు. అది ఇప్పటికీ కాలేదు. మెక్సికో మాత్రం 1994లో అవతలి ఒడ్డున మదేరాస్ డెల్ కార్మెన్‌ను, సాంటా ఎలెనా లోయను రక్షిత ప్రాంతాలుగా ప్రకటించింది.

అవతలి ఒడ్డున బొకియాస్ డెల్ కార్మెన్ అనే చిన్న ఊరు ఉంది. యాత్రికులు తెడ్ల పడవలో నది దాటి వెళ్లి భోంచేసి, వైరుతో అల్లిన బొమ్మలు కొనుక్కుని వచ్చేవారు. ఆ రాకపోకల మీదే ఊరు బతికేది. సెప్టెంబరు 11 దాడుల తర్వాత, 2002లో, దాటడం ఆపేశారు. ఊళ్లోంచి కుటుంబాలు వెళ్లిపోయాయి. 2013లో మళ్లీ తెరిచాకే ఊరు తేరుకుంది. వెళ్లేవాడికి పాస్‌పోర్ట్ కావాలి. మనవాళ్లయితే తిరిగొచ్చే వీసా స్టాంపు గడువు కూడా చూసుకుని గానీ పడవ ఎక్కకూడదు. నదిలో నీళ్లు తగ్గిన రోజుల్లో కొందరు నడిచే దాటేస్తారు. ఆ రోజు ఎలా దాటాలన్నది కూడా కోంచోస్‌లో ఎంత వదిలారన్న దాని మీదే ఉంటుంది. సరిహద్దు నీటి కమిషన్ పార్కులో జాన్సన్ రాంచ్ దగ్గర నది పారకాన్ని కొలిచి ప్రకటిస్తుంది, ఇంట్లో కూర్చుని ఫోన్‌లో చూసుకోవచ్చు. గది బుక్ చేసేముందు ఆ అంకె చూడండి, పోయిన నెల అంకెతో పోల్చండి. పడవ ఎక్కే రోజుంటుందా, లోయలో నడిచే రోజుంటుందా, లేక కొండ మీదే ఉండిపోయి ఎలుగు జాడలు వెతికే రోజుంటుందా అన్నది అక్కడే చాలావరకు తేలిపోతుంది.