మంచు దారి మీద మినీ

ఇంగ్లండ్‌లో గేడన్ అనే చోట బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఉంది. ఎర్రటి ఒళ్లు, తెల్లటి టాపు ఉన్న మూడు చిన్న కార్లు అందులో ఉన్నాయి. వాటి నంబర్లు 33 ఈజేబీ, ఏజేబీ 44బీ, ఎల్‌బీఎల్ 6డీ. ఒక్కొక్కటి పదడుగుల పొడవు. 1964, 1965, 1967లలో మాంటీ కార్లో ర్యాలీ గెలిచిన మినీ కూపర్ ఎస్‌లు ఇవే. పాత కార్లు సేకరించేవాళ్లు ప్రాణం పెట్టే బండ్లు.

రంగూ మెరుపూ చూసి ఈ కార్లను మెచ్చుకుంటే సరిపోదని నా అభిప్రాయం. ముందు వరసగా బిగించిన దీపాలు, ఇంజిన్ అడుగున రక్షణ పలక, బానెట్‌ను కట్టిపెట్టిన తోలు పట్టీ, కో-డ్రైవర్ ఒళ్లో కాగితాల మీదికి వంగిన సన్న దీపం ఊరికే పెట్టినవి కావు. ఒక్కోదాని వెనక ఒక్కో పనితనం ఉంది. అది తెలిసినవాళ్లకే కారు తన చరిత్ర చెబుతుంది.

1956 సూయజ్ గొడవతో బ్రిటన్‌లో పెట్రోలుకు రేషన్ వచ్చింది. తక్కువ తాగే చిన్న కారు కావాలని బీఎంసీ కంపెనీ అలెక్ ఇస్సిగోనిస్‌కు పని అప్పగించింది. ఆయన గీసిన మోరిస్ మైనర్ మన రోడ్ల మీద బేబీ హిందుస్థాన్ పేరుతో తిరిగింది. మన అంబాసడర్‌కు మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కూడా ఆ కంపెనీదే. 1959 ఆగస్టులో వచ్చిన మినీలో ఇస్సిగోనిస్ ఇంజిన్‌ను అడ్డంగా పెట్టి, గేర్‌బాక్స్‌ను దాని కిందికి దించి, లాగే పని ముందు చక్రాలకు ఇచ్చాడు. అడ్డ ఇంజిన్, ముందు చక్రాల లాగుడు మన మారుతి 800లోనూ చూశాం. రాయపూర్ గుఢియారీ లాంటి బజారు సందుల్లో అలాంటి బండి తిప్పినవాళ్లకు దాని సుఖం తెలుసు. ఈ అమరికలో ఇంకో లాభం ఉంది. ఇంజిన్ బరువంతా లాగే చక్రాల మీదే కూర్చుంటుంది. అందుకే నున్నటి మంచు మీద కూడా వాటికి పట్టు దొరుకుతుంది.

రేసు కార్లు కట్టే జాన్ కూపర్ ఈ బండిలో ఉన్న సత్తా పసిగట్టాడు. 1961లో 997 సీసీ ఇంజిన్‌తో, ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులతో మినీ కూపర్ వచ్చింది. మరుసటి ఏడాదే పాట్ మాస్, ఆన్ విజ్డమ్ అనే ఇద్దరు మహిళలు దాంతో హాలండ్ ట్యూలిప్ ర్యాలీ గెలిచారు. మినీకి దక్కిన తొలి పెద్ద గెలుపు అది. ఈ చరిత్ర ఎక్కువమంది మాంటీ కార్లోతో మొదలుపెడతారు. ఆ ఇద్దరితోనే మొదలుపెట్టడం న్యాయం.

1963లో 1071 సీసీ కూపర్ ఎస్ వచ్చింది. 1964 మాంటీ కార్లోకు ప్యాడీ హాప్‌కర్క్, హెన్రీ లిడన్ మిన్‌స్క్ నుంచి బయల్దేరారు. అప్పట్లో ఆ ర్యాలీకి కార్లు యూరప్‌లోని వేర్వేరు నగరాల నుంచి వచ్చి, ఒకచోట కలిసి, ఆల్ప్స్ కొండల్లో స్టేజీలనే దారి ముక్కల మీద గడియారంతో పోటీ పడేవి. 4.7 లీటర్ల ఫోర్డ్ ఫాల్కన్‌తో వచ్చిన బో లియుంగ్‌ఫెల్ట్‌కు స్టేజీల్లో వేగం ఎక్కువ. ఇంజిన్ పరిమాణాన్ని లెక్కలోకి తీసుకునే సూత్రం వల్ల గెలుపు హాప్‌కర్క్‌ది అయింది. సూత్రమే గెలిపించిందని తీసిపారేసేవాళ్లున్నారు. వాళ్లతో నేను ఏకీభవించను. ఆ సూత్రం అందరికీ ముందే తెలుసు. పైగా నాలుగో వంతు కూడా లేని ఇంజిన్‌తో ఫాల్కన్‌కు అంత దగ్గరగా పరుగెత్తడం సూత్రం చేసే పని కాదు.

అది చేసింది తయారీ. డ్రైవర్, కో-డ్రైవర్ ముందుగానే ఆ దారులు తిరిగి ప్రతి మలుపూ రాసుకునేవారు. ఎంత వంపు, తర్వాత ఎంత నేరు దారి, ఎక్కడ గట్టు తర్వాత రోడ్డు కనిపించదు, అంతా అందులో ఉండేది. వాటినే పేస్ నోట్స్ అంటారు. రాత్రి పోటీలో కో-డ్రైవర్ చదువుతుంటే డ్రైవర్ కంటికి ఆనని మలుపులోకి నమ్మకంగా దూకుతాడు. మంచు రోజుకో తీరుగా ఉంటుంది కాబట్టి, స్టేజీ మొదలుకాకముందే వేరే మనుషులు ఆ దారిన వెళ్లి ఎక్కడ గడ్డకట్టిందో నోట్సులో గుర్తుపెట్టి తెచ్చేవారు. దాన్నిబట్టే టైర్లు. మేకులు కొట్టిన టైరు గడ్డ మంచును కరుస్తుంది, పొడి తారు మీద మాత్రం జారుతుంది. ఒకే స్టేజీలో రెండూ ఉంటే ఏ టైరు వేయాలన్న నిర్ణయంతోనే సగం పోటీ తేలిపోయేది.

నడపడంలో అసలు విద్య ఫిన్లండ్ నుంచి వచ్చిన రౌనో ఆల్టోనెన్, టిమో మాకినెన్‌లది. ముందు చక్రాలు లాగే కారు వేగంగా మలుపు ఎత్తుకుంటే ముక్కు లోపలికి తిరగదు, బయటికి పోతుంది. ఆక్సిలరేటర్ వదిలేస్తే వేగం చచ్చిపోతుంది. వీళ్లు కుడి కాలు ఆక్సిలరేటర్ మీద అదిమిపెట్టి, ఎడమ కాలితో బ్రేకు తొక్కేవాళ్లు. ముందు చక్రాలను ఇంజిన్ తిప్పుతూనే ఉంటుంది కనక అవి బిగుసుకోవు. వెనక చక్రాలు బిగుసుకుని తోక పక్కకు జారుతుంది. ఆ జారుడుకు ముక్కు మలుపులోకి తిరుగుతుంది, ఇంజిన్ జోరు తగ్గదు. వినడానికి తేలిక. గడ్డకట్టిన కొండ దారిలో, పక్కన లోయ పెట్టుకుని చేయాలంటే ఏళ్ల సాధన కావాలి.

1965లో ఆ సాధన లోకానికి కనబడింది. మాంటీ కార్లో ర్యాలీకి మంచు తుపానులో 237 కార్లు బయల్దేరితే చివరికి మొనాకో చేరినవి 35. వాటిలో దారిపొడవునా ఒక్క పెనాల్టీ పాయింటూ పడనిది మాకినెన్, పాల్ ఈస్టర్‌ల మినీకే. మినీ చరిత్రలో అన్నిటికన్నా గొప్ప పరుగు ఇదేనని నేననుకుంటాను.

1966లో మినీలు మొదటి మూడు స్థానాల్లోనూ వచ్చాయి. తనిఖీలో హెడ్‌లైట్లు నిబంధనల ప్రకారం లేవని మూడింటినీ పోటీ నుంచి తీసేశారు. వాటిలో ఒకే ఫిలమెంటున్న బల్బులు ఉన్నాయి. డిమ్ చేయడానికి ఫాగ్ దీపాలు వాడారు. తప్పించిన వాటిలో నాలుగో స్థానంలో వచ్చిన లోటస్ కోర్టినా కూడా ఉంది. గెలుపు పౌలి టోయివోనెన్ నడిపిన సిట్రోయన్‌కు ఇచ్చారు. బల్బుకూ కొండ దారిలో చూపిన ప్రతిభకూ పొంతన ఏమిటన్న కోపం ఈనాటికీ సబబే అనిపిస్తుంది. మరుసటి ఏడాది ఆల్టోనెన్ 13 సెకన్ల తేడాతో లాన్సియా ఫుల్వియాను ఓడించి బదులు తీర్చాడు.

ఇక తోలు పట్టీ సంగతి. 1967 ఫిన్లండ్ వెయ్యి సరస్సుల ర్యాలీలో, ఔనిన్‌పోహ్యా స్టేజీలో మాకినెన్ కారు బానెట్ పట్టీ ఊడి, బానెట్ లేచి అద్దానికి అడ్డం పడింది. అతను తల పక్కకు బయటపెట్టి, అలాగే నడిపి, ఆ స్టేజీలో మూడో మెరుగైన సమయం తెచ్చాడు. ర్యాలీ కూడా అతనే గెలిచాడు, వరసగా మూడోసారి.

1968 నాటికి పోర్షె 911 లాంటి బలమైన కార్లు వచ్చేశాయి. 1970లో ఈ ర్యాలీ మినీలను సిద్ధం చేసిన, అబింగ్డన్‌లోని కంపెనీ పోటీ విభాగాన్నే మూసేశారు. పాత కార్లు సేకరించేవాళ్లకు అసలు చిక్కు ఆ వర్క్‌షాపు దగ్గరే ఉంది. ర్యాలీలో బాడీ నలిగిపోతే, అక్కడి మెకానిక్‌లు కొత్త బాడీ మీద కారు కట్టి పాత నంబరే వేసేవారు. అంచేత ఒకే నంబరు వెనక ఒకటికి మించి బాడీలు ఉండొచ్చు. నంబర్ ప్లేటూ కాగితాలూ చూసి కొనేవాడు మోసపోతాడు. ఆనాటి ఫొటోలు దగ్గర పెట్టుకుని, దీపాల బ్రాకెట్ల కోసం తొలిచిన రంధ్రాలు ఎక్కడున్నాయి, వైరింగ్ ఎటు నుంచి పోయింది, అడుగు పలక బిగించిన చోట చేత్తో చేసిన అతుకులు ఏ తీరువి అని ఒక్కొక్కటే సరిపోల్చాలి. ఈ గుర్తులన్నీ గీకేసి, పుట్టీ పెట్టి, అద్దంలా రంగు వేసే పునరుద్ధరణ చూస్తే నాకు బాధేస్తుంది. సాక్ష్యాన్ని డబ్బిచ్చి మరీ చెరిపించుకున్నట్టే. కొత్త బాడీతో కట్టిన నకలును నకలని చెప్పి నడుపుకుంటే అందులో తప్పేమీ లేదు. 1998 నుంచి జరుగుతున్న మాంటీ కార్లో హిస్టారిక్ ర్యాలీలో పాత తరం కార్లు మళ్లీ ఆ కొండలెక్కుతున్నాయి. ఇప్పుడక్కడ నిర్ణయించిన సగటు వేగాన్ని తప్పకుండా నిలబెట్టడమే పోటీ. లెక్క తప్పని కో-డ్రైవర్ లేకపోతే ఎంత మంచి మినీ ఉన్నా అందులో నెగ్గుకురావడం కష్టం.