షూమాకర్ ‘బౌద్ధ ఆర్థికశాస్త్రం’: ఆసు పోసే తల్లి అడిగే ప్రశ్న

ఆదివారం వందన అయ్యాక మా అధ్యయన బృందంలో ఏదో ఒక పుస్తకం చదివి చర్చించడం చాలా ఏళ్ళుగా అలవాటు. ఈమధ్య ఒక యువ ఉపాసకుడు ఇ.ఎఫ్. షూమాకర్ రాసిన ‘బౌద్ధ ఆర్థికశాస్త్రం’ వ్యాసం తెచ్చాడు. ఒక పాశ్చాత్య ఆర్థికవేత్త అష్టాంగ మార్గంలోని సమ్యక్ ఆజీవాన్ని ముందు పెట్టుకుని కర్మాగారాలను, వేతనాలను, యంత్రాలను విచారించాడంటే బౌద్ధులకు సంతోషం కలగడం సహజమే. లా చదివే రోజుల్లో మేమూ ఆ వ్యాసం చదివి పొంగిపోయాం. ఇప్పుడు మళ్ళీ చదివితే ఆ సంతోషం నిలవలేదు. ఎందుకు నిలవలేదో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ముందు ఆయనకు దక్కవలసింది ఇచ్చేద్దాం. షూమాకర్ బ్రిటన్ జాతీయ బొగ్గు బోర్డులో ఆర్థిక సలహాదారు. 1955లో బర్మా ప్రభుత్వానికి సలహాదారుగా వెళ్ళారు. అక్కడి అనుభవంతో 1966లో ఈ వ్యాసం రాశారు. 1973లో వచ్చిన ‘స్మాల్ ఈజ్ బ్యూటిఫుల్’ పుస్తకంలో అది చేరి లోకమంతా తిరిగింది. యజమానికి కూలి ఒక ఖర్చు, కూలివాడికి పని ఒక బాధ, ఇలా ఇద్దరూ పనిని వదిలించుకోవలసిన పీడగానే చూస్తున్నారని ఆయన విమర్శ. పని మనిషి శక్తులను పెంచాలి, నలుగురితో కలిసి చేయడం నేర్పి అహాన్ని తగ్గించాలి, బతుకుకు కావలసిన వస్తువునూ ఇవ్వాలి అన్నారు. ఈ మూడింటినీ మనం కాదనలేం. మనిషికి విసుగు పుట్టించే, బుద్ధిని మొద్దుబార్చే పని పెట్టడం నేరంతో సమానమన్న ఆయన భావం బుద్ధుని కరుణకు దగ్గరగానే ఉంది.

తకరారు యంత్రం దగ్గర మొదలవుతుంది. యంత్రీకరణ రెండు రకాలని షూమాకర్ చెబుతారు. ఒకటి మనిషి నైపుణ్యాన్ని పెంచేది, రెండోది మనిషి పనిని యంత్రానికి అప్పగించి అతన్ని దానికి సేవకుణ్ణి చేసేది. ఈ తేడాకు ఆనంద కుమారస్వామిని సాక్ష్యంగా తెస్తారు. తివాచీ నేసే చేతిమగ్గం పరికరం, మరమగ్గం యంత్రం. మొదటిది మనిషికి తోడు, రెండోది సంస్కృతిని నాశనం చేసేది. వినడానికి ఎంతో బాగుంది. కానీ మగ్గం మాట వచ్చింది కాబట్టి మన నల్లగొండ వైపు మగ్గాన్నే అడిగి చూద్దాం.

పోచంపల్లి ఇక్కత్ చీరకు నేత కంటే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో దిగ్గొట్టిన మేకుల చుట్టూ నూలును అటూ ఇటూ తిప్పుతూ చుట్టాలి. ఒక చీరకు చేయి సుమారు 9,000 సార్లు ఆడాలి. ఒక చీర ఆసుకు నాలుగైదు గంటలు పడుతుంది. రోజుకు రెండు చీరల ఆసు పోస్తే భుజం లేవదు. తరతరాలుగా ఈ పని ఇంటి ఆడవాళ్ళదే. కుమారస్వామి కొలత ప్రకారం ఆసు అచ్చమైన పరికరం. కరెంటు లేదు, కర్మాగారం లేదు, గంట మోగించే మేస్త్రీ లేడు. అయినా ఆ తల్లి చేయి యంత్రంలాగే ఆడింది. పరికరం చేతిదైనంత మాత్రాన పని మనిషిదైపోదు. షూమాకర్ గీసిన గీత ఇక్కడ చెరిగిపోతుంది.

ఆ భుజాల నొప్పిని చూసినవాడు ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం. చిన్న తరగతుల్లోనే బడి మానేసిన నేతబిడ్డ. 1992లో ఆసు యంత్రం పని మొదలుపెట్టి, చేతిలో డబ్బు లేక ఆగుతూ, ఊరి నవ్వులు భరిస్తూ, 1999కి పూర్తి చేశాడు. తల్లి పేరు మీద దానికి లక్ష్మీ ఆసు యంత్రమని పేరు పెట్టాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన జీవితం సినిమాగా వచ్చింది. ఆ యంత్రం ఎవరి సంస్కృతినీ నాశనం చేయలేదు. ఒక తల్లి భుజాన్ని కాపాడింది. చీర చీరగానే ఉంది.

షూమాకర్ వ్యాసంలోనే ఇంకో మాట ఉంది. మన ఉపాసికలు దాన్ని తప్పక గమనించాలి. ఆడవాళ్ళకు చాలామట్టుకు బయటి ఉద్యోగం అవసరం లేదని, వాళ్ళను పెద్ద సంఖ్యలో ఆఫీసుల్లో, ఫ్యాక్టరీల్లో పెట్టుకోవడం ఆర్థిక వైఫల్యానికి గుర్తని బౌద్ధ ఆర్థికశాస్త్రం పేరు మీద ఆయన రాశారు. ఇంట్లో ఉన్న ఆడమనిషి విశ్రాంతిగా ఉందని ఆయన ఊహ. ఆసు ముందు కూర్చున్న తల్లి ఇంట్లోనే ఉంది. ఆమెకు పని గంటలు లేవు, ఆమె పేరు మీద కూలీ లేదు, భుజం పడిపోతే పరిహారం లేదు. ఫ్యాక్టరీ గోడ బయట ఉన్నందుకే ఏ కార్మిక చట్టమూ ఆమెను చూడలేదు.

ఈ పొరపాటు ఎక్కడి నుంచి వచ్చింది? బౌద్ధం తీసుకోవడం కేవలం యాదృచ్ఛికమనీ, క్రైస్తవమో ఇస్లామో యూదు మతమో తీసుకున్నా సరిపోయేదనీ ఆయనే నిజాయితీగా ఒప్పుకున్నారు. వ్యాసంలో కుమారస్వామి ఉన్నారు, గాంధేయవాది జె.సి. కుమారప్ప ఉన్నారు. పాకీపని చేసిన సునీతుణ్ణి సంఘంలోకి పిలిచిన బుద్ధుడు లేడు. కులం అన్న మాట లేదు. కులం లేని వ్యాసంలో ‘సంప్రదాయ వృత్తి’ అందంగా కనబడక మానదు.

ఈ అందానికి బాబాసాహెబ్ షూమాకర్ కంటే ఇరవై ఏళ్ళ ముందే జవాబిచ్చారు. 1945 నాటి ‘కాంగ్రెస్, గాంధీ అస్పృశ్యులకు చేసిందేమిటి’ గ్రంథంలో గాంధీవాదాన్ని విచారిస్తూ, మనిషిని పశువు బతుకు నుంచి విడిపించి అతనికి తీరిక ఇచ్చేది యంత్రమేనని వాదించారు. తీరిక లేనివాడికి చదువు లేదు, సంస్కృతి లేదు. యంత్రం వల్ల కీడు జరిగితే ఆ తప్పు యంత్రానిది కాదు, సొంత లాభానికి అప్పగించిన సమాజ నిర్మాణానిది. మార్చవలసింది ఆ నిర్మాణాన్ని. ఇది రాసిన మనిషి ఆ సమయంలో వైస్రాయి కౌన్సిల్‌లో లేబర్ మెంబర్. 1946లో ఫ్యాక్టరీల చట్ట సవరణతో వారానికి పని గంటలు 54 నుంచి 48కి దిగాయి. తీరిక గురించి ఆయన ఊరికే మాట్లాడలేదు.

అయితే యంత్రం వస్తే అన్నీ తీరిపోతాయని కూడా మనం అనుకోరాదు. బొంబాయి మిల్లుల్లో మరమగ్గాలు వచ్చాయి. కానీ నాడె కన్నంలోంచి దారాన్ని నోటితో పీల్చి లాగాలి కనుక అంటరానివాళ్ళు ముట్టిన నాడెను మేం ముట్టమన్నారు సవర్ణ కార్మికులు. కూలి ఎక్కువ వచ్చే నేత ఖాతా మనవాళ్ళకు మూసుకుపోయింది. యూనియన్లు సమ్మె డిమాండ్లు రాసినప్పుడు ఈ తలుపు సంగతి ఎందుకు రాయలేదని బాబాసాహెబ్ అడగవలసి వచ్చింది. ఇనుప యంత్రం మీద కూడా కులం కూర్చోగలదు.

అలాగే నైపుణ్యం ఉన్నంత మాత్రాన కార్మికుడి మాట చెల్లదు. బ్రిటన్‌లో లూకాస్ ఏరోస్పేస్ కార్మికుల కథ దీనికి నిదర్శనం. ఉద్యోగాలు పోతాయన్న భయం వచ్చినప్పుడు అక్కడి షాప్ స్టీవార్డులు సహోద్యోగులనే అడిగారు: మన చేతులతో, మన యంత్రాలతో సమాజానికి పనికొచ్చేవి ఏం చేయగలం? దాదాపు 150 వస్తువుల ప్రణాళిక 1976లో తయారైంది. కిడ్నీ యంత్రాలు, హీట్ పంపులు, రోడ్డు మీదా పట్టాల మీదా నడిచే బస్సు అందులో ఉన్నాయి. యాజమాన్యం తోసిపుచ్చింది. అందులో ముందున్న మైక్ కూలీ ఉద్యోగం 1981లో పోయింది. అదే ఏడాది ఆయనకు ‘రైట్ లైవ్లీహుడ్’ పురస్కారం వచ్చింది. సమ్యక్ ఆజీవమనే మాటకు ఇంగ్లీషు రూపం అదే.

ఇప్పుడు మా సొంత తప్పు చెప్పాలి. కొన్నేళ్ళ కిందట ఒక పట్టణంలో సెప్టిక్ ట్యాంకులోకి దిగి ఇద్దరు చనిపోయారు. వాళ్ళ కుటుంబాల తరఫున మేము కాగితాలు రాశాం. 2014 మార్చి 27 నాటి సుప్రీంకోర్టు తీర్పు చూపించి పది లక్షల పరిహారం అడిగాం. ఇప్పుడైతే 2023 తీర్పుతో అది ముప్పై లక్షలు. ఆ రోజు చనిపోయినవాళ్ళలో ఒకరి తమ్ముడు మా పక్కనే కూర్చున్నాడు. వెల్డింగ్ షాపులో పని చేసే పిల్లవాడు. “సార్, సచ్చినంక పైసలిప్పిచ్చే చట్టం జెప్పిన్రు. బతికుండంగ మిషన్ ఇప్పిచ్చే చట్టం లేదా?” అన్నాడు.

ఉంది. 2013 చట్టంలో 33వ సెక్షన్. మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేయడానికి తగిన సాంకేతిక పరికరాలు వాడడం స్థానిక సంస్థల విధి అని అది చెబుతుంది. లా చదివిన మేము పరిహారం సెక్షన్లు కంఠతా పట్టాం గానీ, అప్పటివరకు ఏ సభలోనూ ఆ సెక్షన్ చదివి వినిపించలేదు. చావు తర్వాత వెళ్ళడమే సమాజ సేవ అనుకున్నాం.

ఆ కుర్రవాడి ప్రశ్నతో షూమాకర్ వ్యాసాన్ని మళ్ళీ చదివితే అసలు లోటు తెలిసింది. ఆసు మల్లేశం ఇంట్లోది. విప్పినా, వంచినా, పాడుచేసినా అడిగేవాడు లేడు. అందుకే పేదరికంలో కూడా ఏడేళ్ళు పట్టుబట్టగలిగాడు. లూకాస్ కార్మికులకు నైపుణ్యం ఉంది, నిర్ణయించే హక్కు లేదు. మ్యాన్‌హోల్‌లోకి దిగేవాడికి కాలువ తనది కాదు, కాంట్రాక్టు తనది కాదు, చేతిలో ఉన్న తాడు కూడా తనది కాదు. అతని ప్రాణం చవకగా దొరికినంత కాలం యంత్రం గురించి ఎవరూ ఆలోచించలేదు. మనసు పెడితే అవుతుందని తర్వాత రుజువైంది. 2017లో హైదరాబాద్‌లో ఇరుకు గల్లీల్లోకి పోయే చిన్న జెట్టింగ్ యంత్రాలు వచ్చాయి. 2018లో కేరళ ఇంజనీర్లు మ్యాన్‌హోల్ శుభ్రం చేసే రోబోను తిరువనంతపురంలో దించారు. ఇవి 1958లో రాలేదంటే ఇనుము లేక కాదు.

కాబట్టి సమ్యక్ ఆజీవాన్ని మనం ఇంకొంచెం విస్తరించి అర్థం చేసుకోవాలి. చెడ్డ వృత్తి చేయకపోవడం ఒక్కటే చాలదు. తన పని ఏ పద్ధతిలో జరగాలో, ఏ పరికరంతో జరగాలో చెప్పే హక్కు ఆ పని చేసేవాడికి ఉండాలి. చేతి పరికరమా, యంత్రమా అన్నది రెండో ప్రశ్న.

షూమాకర్‌ను చదవొద్దని మేము అనం. బాబాసాహెబ్ 1945 గ్రంథాన్ని పక్కన పెట్టుకుని చదవండి. మా బృందం ఆ చర్చ తర్వాత రెండు పనులు పెట్టుకుంది. 33వ సెక్షన్‌ను తెలుగులో ఒక పేజీగా రాసి, మున్సిపాలిటీలో ఏ యంత్రాలున్నాయి, ఎన్ని నడుస్తున్నాయి అని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టడం ఒకటి. వెల్డింగ్, ఫిట్టర్ పని తెలిసిన మన పిల్లలను, పారిశుద్ధ్య పని చేసే అన్నలను నెలకోసారి ఒక చోట కూర్చోబెట్టడం రెండోది. మొదటి కూటమికి ఆ తమ్ముణ్ణే పిలిచాం. వస్తానన్నాడు.

నమో బుద్ధాయ. జై భీమ్.