సంచి మూత మీద లేపాక్షి తీగ

హ్యాండ్‌బ్యాగుకు కొత్త డిజైన్ కావాలంటే విదేశీ పత్రికలే తిరగేయనక్కర్లేదు. లేపాక్షి వెళ్లినా చాలు. 16వ శతాబ్దపు వీరభద్రాలయంలోని లతామంటపం స్తంభాల నిండా తీగలు, పూల అల్లికలు. చీర అంచుల్లోకి అవి ఎప్పుడో దిగాయి. సంచికి ఇంకా బాగా నప్పుతాయంటాను: చీర అంచు పొడుగునా సాగాలి, స్తంభం మీది నమూనా మాత్రం తన చట్రంలోనే మొదలై అక్కడే ముగుస్తుంది. సంచి మూతకు కావలసిందదే.

గుడి శిల్పాన్ని భుజాన వేలాడదీయడం అపచారమంటారు కొందరు. దేవతామూర్తుల విషయంలో ఆ మాట నిజమే, వాటి జోలికి పోకూడదు. తీగకు ఆ పట్టింపు లేదు. ఇది నకలే కదా అన్న ఆక్షేపణ కాస్త గట్టిది. కానీ రాతిలోని లోతు తోలు మీదికి ఉన్నదున్నట్టు రాదు. మడత పడే చోట అల్లిక పలచబరచాలి, జిప్పు పువ్వును కోయకుండా చూడాలి, కుట్టు కాడ వెంటే నడవాలి. ఇవన్నీ పనివాడి నిర్ణయాలే. తోలు మీద అలాంటి పనితనం మనకు కొత్తేమీ కాదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు మేకతోలుకు సన్నని చిల్లులు కొట్టి, వెలుతురునే నగలుగా మారుస్తారు. ఆ చేతులే ఇప్పుడు దీపాల తొడుగులూ చేస్తున్నాయి. అదే చిల్లుల పనిని సంచికి పెట్టి, లోపల ఎర్రటి అస్తరు వేస్తే, రంగు పూయకుండానే పువ్వు ఎర్రబడుతుంది.